ముందు అమ్మగారి దగ్గర కూర్చోండి, స్కానర్ సంగతి తర్వాత

అమ్మా, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీ నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు, నాలుగు నెలల క్రితం కాలం చేశారు. దివిసీమలోని మీ ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా ఫొటోలు, నెగటివ్‌లు, ఆయన వాడిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉన్నాయి. ఎప్పుడూ ఆయనే తీసేవారు కాబట్టి ఆయన కనిపించే ఫొటోలు చాలా తక్కువ. సగం ఫొటోల్లో ఉన్నవాళ్లెవరో మీకు తెలియదు. సంవత్సరికం నాటికి ఒక పుస్తకం చేసి బంధువులకు ఇవ్వాలని మీ కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి, పటం అద్దానికి అతుక్కుపోయిన తాతగారి ఫొటోను ఎలా తీయాలి, పాతవాటికి ఏఐతో రంగులు వేయించవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మొదట మీ అమ్మగారి దగ్గర కూర్చుని, ఫొటోల్లో ఉన్నవాళ్ల పేర్లు రాసుకోండి. స్కానింగ్ ఆ తర్వాత. అతుక్కున్న ఫొటోను అద్దం నుంచి ఊడదీయకండి, అద్దంతోనే కాపీ తీయించండి. రంగులు వేయించుకోవచ్చు, కానీ అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా విడిగా ఉంచాలి.

మాది కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్టణం. మా నాన్నగారు పెట్టిన స్టూడియోలో, డార్క్‌రూమ్ ఎర్రదీపం కింద పని నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్త ఫొటోలు తీయడం కంటే పాత ఫొటోలకు కాపీలు తీయడం, పాడైనవాటిని బాగుచేయడమే నా వృత్తి. చిరిగినవి, బూజు పట్టినవి, చెదలు తిన్నవి ఏదో ఒక మేరకు బాగుపడతాయి. పేరు తెలియని ముఖానికి మాత్రం ఏ స్టూడియోలోనూ మందు లేదు. మీ పెట్టెలోని కాగితం ఇంకో పదేళ్లు ఆగుతుంది. మీ అమ్మగారికి డెబ్బై నాలుగని రాశారు. అందుకే ఈ వరుస చెబుతున్నాను.

అయితే అంతకన్నా ముందు, ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది. నాన్నగారి ఫోను ఎక్కడుంది? బీరువాలో పెట్టేసి ఉంటే వెంటనే తీసి ఛార్జింగ్ పెట్టండి. మూడు నెలలపాటు వాడకం లేని నంబరును కంపెనీ ఆపేసి, తర్వాత ఇంకొకరికి కేటాయించే అవకాశం ఉంది. 120 రోజులు కదలిక లేని ఖాతాను వాట్సాప్ తొలగిస్తుంది. మీరు నాలుగు నెలలంటున్నారు కాబట్టి గడువు దాదాపు దగ్గరికి వచ్చేసింది. సిమ్ బతికి ఉంటే రీచార్జి చేయించండి. యాప్‌ను తీసేయడం, ఫోను రీసెట్ చేయడం వంటివి ఎవరినీ చేయనివ్వకండి. ఫోనులోని ఫొటోలను, ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లను కంప్యూటర్‌లోకి దించుకోండి. ఆయన మీకు, మీ అన్నదమ్ములకు, పిల్లలకు పంపిన వాయిస్ మెసేజ్‌లు మీ ఫోన్లలోనూ ఉంటాయి, వాటినీ దాచండి. ఫొటోల కోసం నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది చివరికి అడిగేది గొంతు గురించే. రూపం ఏదో ఒక పటంలో మిగులుతుంది. గొంతు మిగిలి ఉండే చోట్లు చాలా తక్కువ. పాత ఆడియో క్యాసెట్లు, ఇంట్లో పెళ్లిళ్ల వీడియో క్యాసెట్లు ఉంటే వాటినీ ఈ జాబితాలోనే చేర్చండి. వీసీఆర్ల తయారీ 2016తో ప్రపంచంలోనే ఆగిపోయింది. పనిచేసే యంత్రం, దాన్ని నడపగలిగే మనిషి ఇప్పటికే అరుదు. క్యాసెట్ టేపుకు మన తేమ వాతావరణంలో బూజు కూడా పడుతుంది.

అమ్మగారితో ఎలా మాట్లాడాలి

పెట్టె మొత్తం తెచ్చి ఆవిడ ముందు పెట్టకండి. ఒక్కో విడతకు పది ఫొటోలు చాలు. మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చి లేచిన తర్వాత, వెలుతురు ఉన్న చోట కూర్చోండి. ఫోనులో రికార్డింగ్ పెట్టి, పెడుతున్నానని ముందే చెప్పి, పక్కన ఉంచండి. ముప్పావు గంటకు మించి సాగదీయకండి. ఆవిడకు కళ్లు సరిగ్గా కనిపించకపోతే చిన్న ఫొటోలను ముందే ఫోనుతో తీసి టాబ్లెట్‌లో పెద్దవి చేసి చూపించండి. ఇంకా దుఃఖంలో ఉన్నారు కాబట్టి కొన్ని రోజులు వద్దంటారు. ఆ రోజు ఆపేయండి.

"నాన్న గురించి చెప్పమ్మా" అంటే ఎవరైనా "ఏం చెప్పను, మంచివారు" అని ఊరుకుంటారు. ఫొటోలో కనిపించే వస్తువు గురించి అడగండి. ఈ సైకిల్ ఎవరిది? ఈ చొక్కా ఎవరు కుట్టారు? ఈ అరుగు ఏ ఇంటిది? ఆ వెనక నిలబడి సగం కనిపిస్తున్న పిల్ల ఎవరు? ఈ ఫొటో తీసిన రోజు వంట ఏమిటి? వస్తువు నుంచి మనిషి దగ్గరికి, మనిషి నుంచి సంగతి దగ్గరికి వాళ్లే వెళతారు. ముఖం గుర్తుపట్టలేని ఒక పెద్దావిడ, చీర అంచు చూసి అది తన పెద్దాడబడుచని చెప్పడం నా కళ్ల ముందే జరిగింది. ఆ చీర కొన్నది ఈవిడే. వీలైతే మీ మేనత్తనో, నాన్నగారి తోటి మాస్టారినో కూడా పిలిచి ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టండి. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు, ఆ వాదనలోంచి అసలు సంగతులు బయటికి వస్తాయి. ఇద్దరూ రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి. తీర్పు చెప్పాలని తొందరపడకండి.

సంవత్సరం అడిగితే ఎవరికీ గుర్తుండదు. మన ప్రాంతంలో నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటే: "ఉప్పెనకు ముందా, తర్వాతా?" 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను చూసినవాళ్లెవరూ ఆ ప్రశ్నకు తడబడరు. ఇల్లు అప్పటికి పెంకుటిల్లా, డాబానా, ఆ చెట్టు ఉందా, ఫలానా మనిషి బతికి ఉన్నారా అన్నది వెంటనే చెబుతారు. మీ కుటుంబానికి సంబంధించి ఇంకో విషయం కూడా గుర్తుంచుకోండి. ఉప్పెన ముంచిన ఇళ్లలో అంతకుముందటి ఫొటోలు చాలా వరకు నీళ్లపాలయ్యాయి. మీ పెట్టెలో 1977కు ముందువి ఉన్నాయంటే, అవి ఆ రోజు వేరే ఊళ్లోనైనా ఉండాలి, లేదా ఎవరో వాటిని కాపాడి ఉండాలి. అది కూడా అడగండి. తెలంగాణలోనో రాయలసీమలోనో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ ఊరి వరదో, కరువో, 1969 ఉద్యమమో మీకు అలాంటి గుర్తు అవుతుంది.

తేదీ తెలియడానికి ఫొటోలోనే చాలా ఆధారాలు ఉంటాయి. వెనకవైపు స్టూడియో ముద్ర ఉందేమో చూడండి. ఫోను నంబరులో ఎన్ని అంకెలున్నాయో కూడా కాలాన్ని చెబుతుంది. పటాలు కట్టేవాళ్లు వెనక అట్టకు పాత దినపత్రిక అంటించడం మామూలే, ఆ కాగితం మీద తేదీ దొరికితే పటం అంతకుముందు కట్టింది కాదని తేలుతుంది. ఒక కుటుంబం తమ తాతగారు నాగార్జునసాగర్ దగ్గర నిలబడిన ఫొటో తెచ్చి, 1975 ప్రాంతంలో విహారయాత్రకు వెళ్లినప్పటిదని చెప్పింది. పెద్దది చేసి చూస్తే వెనక రాతి గోడ ఇంకా సగమే లేచి ఉంది. ఆ కట్టడానికి శంకుస్థాపన 1955 డిసెంబరులో, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. కాబట్టి ఆయన అక్కడున్నది ఈ రెండింటి మధ్య. మరింత అడిగితే, పెళ్లికి ముందు కొన్నాళ్లు అక్కడ మేస్త్రీల దగ్గర లెక్కలు రాశారని ఆయన చెల్లెలు చెప్పింది. ఆ సంగతి ఆయన పిల్లలకే తెలియదు.

శుభలేఖలు దొరికితే పారేయకండి. రెండువైపుల పెద్దల పేర్లు, ఊళ్లు, తేదీ ఒకే కాగితం మీద ఉండేది అక్కడే. ఇంగ్లీషు తేదీ చిరిగిపోయి తెలుగు సంవత్సరం పేరు మిగిలినా చాలు. ప్రభవ 1987లో మొదలైంది, అంతకు ముందటి ప్రభవ 1927లో. అక్కడి నుంచి వరుసగా లెక్కపెట్టుకోండి. ఉదాహరణకు సాధారణ నామ సంవత్సరం 1970 ఉగాది నుంచి 1971 ఉగాది వరకు. మాఘ, ఫాల్గుణ మాసాల పెళ్లిళ్ల దగ్గర జాగ్రత్త: సాధారణలో మాఘమాసం పెళ్లి అంటే ఇంగ్లీషు లెక్కన అది 1971లో పడుతుంది. చాలా ఇళ్లలో పెళ్లి సంవత్సరం ఒకటి తేడా రావడానికి కారణం ఇదే. పుట్టిన తేదీ విషయంలో స్కూలు సర్టిఫికెట్‌ను మాత్రమే నమ్మకండి. ఆ తరంలో బడిలో చేర్చుకునే మాస్టారు వయసు చాలేలా ఒక తేదీ వేసుకునేవారు. మీ నాన్నగారే మాస్టారు కాబట్టి ఎంతమంది పిల్లలకు అలా వేశారో మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది.

పేర్లు రాసేటప్పుడు వరస కాదు, మనిషి పేరు రాయండి. "బాబాయి, పిన్ని, బందరు పెద్దమ్మ" అని రాసి ఉన్న ఆల్బమ్‌లు నా దగ్గరికి వస్తాయి. రాసినవారు పోయాక ఎవరి బాబాయో చెప్పేవారు ఉండరు. మీ బాబాయి మీ పిల్లలకు తాత. అందుకని పూర్తి పేరు, ఇంటిపేరు, ఎవరి కొడుకో లేదా కూతురో, ఊరు రాయండి. తాత పేరే మనవడికి పెట్టే ఇళ్లలో పుట్టిన సంవత్సరం కూడా పక్కన ఉండాలి. ఆడవాళ్ల విషయంలో పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా అడగండి. అత్తింట్లో పేరు మార్చి పిలిచే ఆచారం కొన్ని కుటుంబాల్లో ఉండేది, ఆ రెండో పేరూ రాయండి. ఫొటో వెనక రాయాలంటే మెత్తని పెన్సిల్‌తో, అంచున, ఒత్తకుండా. బాల్‌పెన్ను గీత ముందువైపు ముఖం మీదికి ఉబికి వస్తుంది. 1970ల తర్వాతి నున్నటి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ పడదు. వాటిని కాగితపు కవరులో పెట్టి కవరు మీద రాయండి.

ఇక స్కానింగ్. చాలామంది అన్నిటికంటే పాతదైన నలుపు తెలుపు ఫొటోతో మొదలుపెడతారు. నేను వద్దంటాను. బొమ్మను నిలిపే హైపో రసాయనాన్ని సరిగ్గా కడిగేసిన నలుపు తెలుపు ఫొటో, వెండితో ఏర్పడిన బొమ్మ కాబట్టి, నిదానంగానే పాడవుతుంది. 1970ల చివర, 80ల్లో తీసిన రంగుల ఫొటోలు ఈపాటికే ఎర్రబారి ఉంటాయి, వాటిలోని సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు చీకట్లో దాచినా వెలిసిపోతూనే ఉంటుంది. ముందు రంగుల ఫొటోలు, తర్వాత నెగటివ్‌లు, చివర నలుపు తెలుపువి. మామూలు సైజు ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), పాస్‌పోర్టు సైజుకు 1200. నలుపు తెలుపు ఫొటోను కూడా కలర్‌లోనే స్కాన్ చేయండి, మరకలను బొమ్మ నుంచి విడదీయడానికి అది పనికొస్తుంది. వెనక రాత ఉంటే వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. అసలు ప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచి, పంచుకోవడానికి జేపెగ్ వాడండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. పదుల సంఖ్యలో ఉంటే ఫోనుతో తీసినా సరే, కిటికీ పక్కన నీడలో, ఫోనును ఫొటోకు సమాంతరంగా పట్టుకుంటే గుర్తింపు పనికి బాగానే సరిపోతుంది.

జిగురు పేజీల మీద పారదర్శక కాగితం కప్పిన ఆల్బమ్‌లు మీ పెట్టెలోనూ ఉండి ఉంటాయి. ఫొటోను కదిలించే ముందు పేజీ మొత్తాన్ని అలాగే ఒక ఫొటో తీయండి, ఎందుకంటే ఏ ఫొటో పక్కన ఏది పెట్టారన్నది కూడా సమాచారమే. తర్వాత గట్టి సన్నదారాన్ని ఫొటో కింద నెమ్మదిగా అటూ ఇటూ లాగుతూ విడదీయండి. మొండికేస్తే వదిలేయండి.

తాతగారి పటం విషయం ఇదే దారిలో. ఫొటో పైపొర జెలటిన్. తేమ తగిలి మెత్తబడి అద్దానికి అంటుకుని, మళ్లీ ఆరినప్పుడు అద్దంతో ఒకటైపోతుంది. లాగితే ముఖం అద్దం మీద, కాగితం మీ చేతిలో. నీళ్లలో నానబెట్టమని వీడియోలు చూపిస్తారు. స్టూడియోలో చేత్తో రంగులు అద్దిన ఫొటో అయితే ఆ రంగు నీళ్లలో కలిసిపోతుంది, అప్పటి పెద్దల పటాల్లో అలా రంగులద్దినవి చాలా ఉన్నాయి. అద్దం బయటివైపు మాత్రం మెత్తని పొడిబట్టతో తుడిచి, ఫ్రేము వెనక మేకులు తీసి, అద్దంతో సహా బోర్లా పెట్టి స్కాన్ చేయండి. లేదా రెండువైపుల నుంచి ఏటవాలుగా లైట్లు పెట్టి కెమెరాతో తీయించండి. ఆ కాపీతో కొత్త పటం కట్టించండి, అసలుది అద్దంతోనే మెత్తని గుడ్డలో చుట్టి దాచండి. ఇంకో మాట. పటానికి గంధం, కుంకుమ బొట్టు పెడతాం, పూలదండ వేస్తాం, ఎదురుగా దీపం వెలిగిస్తాం. తడి గంధం, దండ చెమ్మ ఫ్రేము సందుల్లోంచి లోపలికి దిగుతాయి, అగరుబత్తి పొగ పేరుకుంటుంది. ఆచారం మానమని ఎవరికీ చెప్పను. గోడ మీద పూజకు కాపీ ఉంచండి, అసలు ఫొటో పెట్టెలో ఉండాలి. కొత్త పటం కట్టేటప్పుడు అద్దానికి, ఫొటోకు మధ్య అట్టతో సన్నని ఎడం ఉంచమని చెప్పండి. అసలు ఫొటోకు లామినేషన్ మాత్రం ఎంత మంచి దుకాణంలోనైనా చేయించవద్దు, అది వేడితో అతికేది, తిరిగి విప్పలేం.

ఇప్పుడు మీరు ఎక్కువగా బాధపడిన విషయానికి వస్తాను. నాన్నగారు ఫొటోల్లో లేరన్నారు. నెగటివ్‌లు జాగ్రత్తగా చూడండి. ఆయన కెమెరాలో 120 ఫిల్ము పడుతుంది, ఒక్కో రోలుకు పన్నెండు ఫొటోలు, ఒక్కోటి 6 సెంటీమీటర్ల చదరం. నెగటివ్ సైజులోనే కాగితం మీద చిన్న ఫొటోలు వేయించుకోవడం అప్పట్లో చవక కాబట్టి మీ దగ్గరున్నవి చాలా వరకు అవే అయి ఉంటాయి. అంత పెద్ద నెగటివ్‌ను ఇవాళ స్కాన్ చేస్తే, చిన్న కాగితం మీద కనిపించని ముఖాలు, గోడ మీది క్యాలెండరు, బల్ల మీది పుస్తకం పేరు కూడా బయటపడవచ్చు. పెద్దవి చేయించిన వాటిలో స్టూడియోవాళ్లు అంచులు కత్తిరించి వేసేవారు, నెగటివ్‌లో ఆ అంచులు పూర్తిగా ఉంటాయి. అంచు మీది అంకెలను బట్టి పన్నెండింటినీ వరుసలో పెడితే, ఆ రోజు ఆయన ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి నడిచారో తెలుస్తుంది. ఫిల్ము ఖరీదైన రోజుల్లో ఒక మాస్టారి జీతంతో కొన్న పన్నెండు అవకాశాలు అవి. దేనికి ఖర్చుపెట్టారో చూడండి. సాయంత్రం పూట సూర్యుడు వెనక ఉండగా తీసిన వాటిలో నేల మీద ఆయన నీడ పడి ఉండవచ్చు. కెమెరా వైపు చూస్తున్న పిల్లలు నిజానికి ఆయన్నే చూస్తున్నారు. చిన్నప్పటి మీ ముఖం ఆయనకు ఎంత ఎత్తు నుంచి, ఎంత దగ్గర నుంచి కనిపించేదో అందులో ఉంది. పుస్తకంలో ఒక రోలు మొత్తాన్ని, వంకర పోయినవాటితో సహా, వరుసగా వేయమని నా సలహా.

నెగటివ్‌లకు వెనిగర్ వాసన వస్తుంటే ఆ రోలును మిగతావాటి నుంచి వేరుచేసి, ముందుగా స్కాన్ చేయించండి. ఆ ఫిల్ము లోపలి నుంచే చెడిపోతోందని అర్థం, పక్కవాటికీ అది చేటు.

ఆయన కనిపించే ఫొటోలు మీ ఇంట్లో తక్కువే కావచ్చు, ఇతరుల ఇళ్లలో ఉంటాయి. మేనత్తల ఆల్బమ్‌లు, బంధువుల పెళ్లి ఫొటోల్లో వెనక వరస, ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలతో తీసిన గ్రూపు ఫొటో, తోటి మాస్టార్ల పదవీ విరమణ సభలు చూడండి. ఆయన పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ఒకటి కచ్చితంగా ఉంటుంది, అక్కడ అడిగితే రెండు రోజుల్లో ఫొటోలు వచ్చిపడతాయి. సర్వీసు రిజిస్టరు నకలు సంపాదిస్తే ఏ ఊళ్లో ఎప్పుడు పనిచేశారో వరుసగా దొరుకుతుంది, ఒంటి మీది పుట్టుమచ్చల వివరాలతో సహా. పింఛను కాగితాలతో భార్యాభర్తల జాయింట్ ఫొటో జతచేయాలి కదా, ఆ కాపీ అమ్మగారి ఫైలులో ఉందేమో చూడండి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దిగిన ఫొటో అదొక్కటే ఉన్న దంపతులను చాలామందిని చూశాను.

వంశ చరిత్ర ఎంత వెనక్కి పోవాలన్నది మీ ఓపిక. తద్దినంలో మూడు తరాల పేర్లు చెప్పించే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత వరకు సులువుగా వస్తాయి, అక్కడ ఆగిపోతాయి. అంతకు పైన పాత దస్తావేజులు, అడంగళ్లలో తండ్రి పేరుతో సహా ఉండే నమోదులు పనికొస్తాయి. తెలంగాణలో అయితే పహాణీలు. కొన్ని కులాల వంశావళిని పాడే వంశరాజులు, భట్రాజులు కొన్ని ఊళ్లలో ఇంకా ఉన్నారు. గయ, హరిద్వార్ వంటి క్షేత్రాల్లో పండాలనే పురోహితులు యాత్రికుల వంశ వివరాలు వహీలనే పుస్తకాల్లో రాసుకుంటారు, మీ తాతలు వెళ్లి ఉంటే ఏ పండా దగ్గర దిగారో ఇంట్లో ఎవరికైనా గుర్తుండవచ్చు. కానీ ఈ ఆధారాలన్నీ మగవారి వరుసనే పట్టుకుని నడుస్తాయి. మీ నాన్నగారి అమ్మ, ఆవిడ అమ్మ ఎవరో, ఏ ఊరివారో కాగితాల్లో దొరకదు. అది చెప్పగలిగింది మీ మేనత్తే. ఆవిడ దగ్గరికి త్వరగా వెళ్లండి.

ఏఐ గురించి. గీతలు, మరకలు తుడవడానికి నేనూ వాడతాను, మంచి పనిముట్టు. కానీ మసకగా ఉన్న చిన్న ముఖాన్ని స్పష్టం చేయమంటే అది లేని కళ్లు, లేని పళ్లు తయారుచేసి పెడుతుంది. అందంగానే ఉంటుంది, మనిషి మాత్రం ఆయన కాదు. ఒక కుటుంబం వాళ్ల నాయనమ్మ ఫొటోను అలా బాగుచేయించుకుని వచ్చింది. ముఖమంతా నున్నగా ఉంది. అసలు ఫొటోలో ఉన్న మశూచి మచ్చలను కంప్యూటర్ మరకలనుకుని తీసేసింది. పెద్ద కూతురు ఒక్క చూపు చూసి "మా అమ్మ కాదు" అంది. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది, ఆ తర్వాతి తరాలు అలాంటి ముఖాన్ని చూసి ఉండవు. ఆ మచ్చలే ఆవిడ చరిత్ర: చిన్నతనంలో ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలకు అమ్మవారు పోస్తే ఈవిడ ఒక్కతే బతికింది. రంగులు వేయిస్తే చీర రంగు, గోడ రంగు తెలిసిన మనిషిని అడిగి వేయించండి, కింద "తర్వాత రంగులు వేసినది" అని రాయండి. పోయినవారు నవ్వుతూ తల తిప్పే వీడియోలు చేయించడం నాకు నచ్చదు. ముఖ్యంగా అమ్మగారికి ముందుగా చెప్పకుండా అలాంటిది చూపించకండి.

పెట్టె అడుగున ఇబ్బంది పెట్టే ఫొటోలు ఉంటాయి. చనిపోయిన పెద్దవారిని కూర్చోబెట్టి, చుట్టూ కుటుంబం నిలబడి దిగినవి. జీవితంలో ఒక్క ఫొటో కూడా దిగని మనుషులకు అదే మొదటిదీ చివరిదీ. కబురొస్తే మా నాన్నగారు సైకిల్ మీద కెమెరా కట్టుకుని వెళ్లేవారు. తర్వాత పటానికి సన్నని బ్రష్‌తో కళ్లు తెరిచి ఉన్నట్లు గీసి ఇచ్చేవారు. మీకు అలాంటిది కనిపిస్తే చించకండి, కవరులో పెట్టి మీద రాసి ఉంచండి. గ్రూపు ఫొటోలో ఒక ముఖం గీకేసి ఉంటే బాగుచేయించకండి, ఎవరో ఎందుకో గీకారు, ఆ సంగతి కూడా కుటుంబానిదే. మొదటి పెళ్లి, దత్తత, పసితనంలో పోయిన బిడ్డ, ఆస్తి తగాదా వంటివి మాటల్లో బయటపడితే రికార్డింగులో ఉండనివ్వండి, పుస్తకంలో వేసే ముందు సంబంధించినవారి అనుమతి అడగండి.

దాచడం గురించి రెండు మాటలు చాలు. మన డెల్టా తేమకు సిమెంటు నేల మీది ఇనుప పెట్టె, ఎండకు కాగే అటక రెండూ పనికిరావు. పడకగది బీరువా పై అర మంచిది. లోపల తేమను పీల్చే సిలికా జెల్ సంచులు వేసి ప్రతి వానాకాలం తర్వాత మార్చండి. కలరా ఉండలు వద్దు. స్కాన్‌ల ప్రతులు మూడు చోట్ల ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండే తోబుట్టువు దగ్గర. అసలు ఫొటోలను మాత్రం వాటాలు వేసుకోవద్దు. ఒకరి ఇంట్లోనే కలిపి ఉంచండి.

పుస్తకానికి మీకు ఎనిమిది నెలలున్నాయి. నలభై, యాభై ఫొటోలకు మించకండి. పెళ్లి ఆల్బమ్‌లాగా దళసరి నున్నటి పేజీలు వద్దు, మాటలు పట్టే మామూలు కాగితం కావాలి. ప్రతి ఫొటో కింద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఈ సంగతి చెప్పింది ఎవరు అని రాయండి. ముఖచిత్రానికి ఆధార్ కార్డు ఫొటోనో, ఆఖరి జబ్బులో తీసిందో వేయకండి. తోబుట్టువులందరినీ విడివిడిగా అడగండి, ఎక్కువమంది "ఇదే నాన్న" అన్న ఫొటో వేయండి. అచ్చుకు ఇచ్చే ముందు పెద్ద అక్షరాలతో ఒక నమూనా ప్రతి తీయించి, పేజీ కింద ఖాళీ వదిలి, అమ్మగారికి, మేనత్తకు, నాన్నగారి పాత స్నేహితుడికి తలా ఒక పెన్సిలుతో ఇవ్వండి. తప్పులు దిద్దుతారు, కొత్తవి రాస్తారు. దీనికి నెల రోజులు కేటాయించండి.

ఫొటోల వెనక స్టూడియో ముద్రలు కనిపిస్తే ఇక్కడ రాయండి. అవనిగడ్డ, రేపల్లె, బందరు వైపు పాత స్టూడియోలు నాకు చాలా వరకు తెలుసు, ఏవి ఏ కాలంలో నడిచాయో చెప్పగలను.